వైన్ కిట్టు విప్పాను, వెనిగర్ సీసాలు మూశాను

2024 దీపావళికి రెండు రోజుల ముందు మా అక్క కొడుకు డల్లాస్ నుంచి వచ్చాడు. అందరికీ చాక్లెట్లూ సెంటు సీసాలూ పంచిపెట్టి, నన్ను మాత్రం పక్కగదిలోకి పిలిచి చెప్పుల పెట్టెంత అట్టపెట్టె ఒకటి చేతిలో పెట్టాడు. ఇంట్లో వైన్ తయారుచేసుకొనే కిట్టు అది. అంతకు ముందటి ఏడాది నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, గ్యారేజీలో ఒక గాజు కూజా మూతి దగ్గర నిమిషానికోసారి బుడగ తేలుతుంటే చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను. వాడు దాన్ని గుర్తుపెట్టుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, తిరిగి వెళ్ళేటప్పుడు రెండు డబ్బాల పూతరేకులు మాత్రం పట్టుకెళ్ళాడు. పెట్టె మీద నాలుగు వారాల్లో వైన్ సిద్ధమవుతుందని రాసి ఉంది. నాకు అయిదు నెలలు పట్టింది, చివరికి సీసాల్లోకి ఎక్కింది వైన్ కూడా కాదు. ఎక్కడెక్కడ ఆగానో, ఎందుకు దారి మళ్ళానో వరసగా రాస్తున్నాను.

పెట్టెలో లీటరు పైచిలుకు చిక్కబెట్టిన షార్డొనే ద్రాక్షరసం సంచి, 5 గ్రాముల ఈస్టు పొట్లం, బెంటొనైట్ అనే బంకమట్టి పొడి, వైన్ చెడిపోకుండా చివర్లో కలిపే పొటాషియం మెటాబైసల్ఫైట్, పొటాషియం సార్బేట్ పొట్లాలు, వైన్‌ను తేటపరిచే రెండు చిన్న ప్యాకెట్లు, లోపలి గాలిని బుడగలుగా వదిలి బయటి గాలిని రానివ్వని ఎయిర్‌లాక్ అనే వంకర గొట్టం, ద్రవం చిక్కదనాన్ని కొలిచే హైడ్రోమీటర్ ఒకటి ఉన్నాయి. వాటితో పాటు రావలసిన బకెట్టునూ గాజు కూజానూ సామాను బరువెక్కుతుందని వాడు అక్కడే వదిలేశాడు. హైడ్రోమీటరేమో దారిలో విరిగి, దాని అడుగున ఉండే సన్నటి గుళ్ళు పెట్టె నిండా దొర్లుతున్నాయి. ఇక తేటపరిచే ప్యాకెట్లలో ఒకదాని మీద అలర్జీ హెచ్చరిక కనిపించింది: అందులో ఉన్న కైటోసాన్ రొయ్యలు, పీతల వంటి వాటి పెంకుల నుంచి తీసినదట. మా ఆవిడ శాకాహారి. ద్రాక్షరసంలో రొయ్య ఎక్కడి నుంచి వస్తుందని ధీమాగా ఉన్నవాణ్ణి, ఆ పొట్లాన్ని విడిగా తీసి బీరువా మీద పెట్టాను. అది వేయకపోయినా కదిలించకుండా కొన్ని వారాలు ఎక్కువ ఉంచితే వైన్ దానంతట అదే తేరుకుంటుందని మేనల్లుడు చెప్పాడు.

మొదటి ఆటంకం అమ్మ నుంచి వచ్చింది. దీపావళి వెళ్ళగానే కార్తీకం. మా ఇంట్లో ఆ నెలంతా ఉల్లిపాయ కూడా వంటింటి గడప తొక్కదు. "నేను తులసికోట దగ్గర దీపం పెడుతుంటే నువ్వు పక్కగదిలో సారా కాస్తావుట్రా?" అని ఆమె అడిగింది. సారా కాయడం వేరనీ, ఇది పొయ్యి ఎక్కని వ్యవహారమనీ నేను ఎంత చెప్పినా ఆమె మెత్తబడలేదు. నెల ఆగడానికి ఒప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ ఆలస్యం మేలే చేసింది. ఈ కిట్టుకు గది వేడి 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్ నల్లకుంటలో మూడో అంతస్తులో ఉన్న మా హాల్లో నవంబరు మొదటి వారం మధ్యాహ్నాలు 28 డిగ్రీలు చూపించాయి. డిసెంబరు వచ్చేసరికి ఉత్తరం వైపు పడగ్గదిలో అది 22, 23 దగ్గర నిలబడింది. ఏసీ వేసి కూర్చుంటే తప్ప, మన ఊళ్ళో ఆ కిట్టు కోరే చల్లదనం దొరికేది డిసెంబరు, జనవరి నెలల్లోనే.

ఆ నెలలో శనివారాలన్నీ బజారుకే సరిపోయాయి. మూత బిగుతుగా పట్టే 10 లీటర్ల తెల్ల బకెట్టు బేగం బజారులో 180 రూపాయలకు దొరికింది. దాని మూతకు ఎయిర్‌లాక్ పట్టేంత చిల్లును మా వీధి ఎలక్ట్రీషియన్ డ్రిల్లుతో వేసిపెట్టాడు. నాలుగున్నర లీటర్ల గాజు సీసా 350 పడింది. కిట్టులో వచ్చిన రబ్బరు బిరడా దాని మూతిలో వదులుగా ఊగడంతో కోఠీలో ప్రయోగశాల సామాను అమ్మే ఒక కొట్టుకు వెళ్ళి, చిల్లు ఉన్న పెద్ద బిరడా 60 రూపాయలకు తెచ్చాను. హైడ్రోమీటర్ కావాలని అక్కడే అడిగితే కౌంటరు దగ్గరి కుర్రవాడు లాక్టోమీటర్ తీసి ఇచ్చాడు. అది పాల కోసం చేసినది, ద్రాక్షరసం చిక్కదనాన్ని దాని గీతలు అందుకోవు. నీటి సాంద్రతను 1.000 అనుకుంటే, అక్కడి నుంచి 1.100 దాకా గీతలున్నది కావాలని వివరించాక లోపలికి వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. 280 రూపాయలు. ఆ గీతలు 1.000 దగ్గరే ఆగిపోతాయన్న సంగతి చూశాను గానీ, దానితో నాకు పని పడుతుందని తట్టలేదు. విరిగినదాన్ని జేబులో వేసుకొని వెళ్ళి చూపించి ఉంటే రెండోసారి కోఠీ వెళ్ళే పని తప్పేది.

డిసెంబరు 2 తెల్లవారుజామున అమ్మ పోలి పాడ్యమి దీపాలు అరటిదొప్పల్లో పెట్టి పెద్ద బేసిను నీళ్ళలో వదిలింది. ఆ రాత్రి 8 గంటలకు నేను పడగ్గదిలో పాత దుప్పటి పరిచి కూర్చున్నాను. మొత్తం గంటన్నర పట్టిన ఆ పనిలో గంట కేవలం కడగడానికే పోయింది. బకెట్టు, గరిటె, మూత, బిరడా, గొట్టం, చివరికి సంచి కోసే కత్తెర కూడా శుద్ధిచేసే పొడి కలిపిన నీళ్ళలో ముంచి తీయాలి. సంచి మూల కత్తిరించి వంచితే రసం తేనెరంగులో, బెల్లప్పాకంలా తీగ సాగుతూ దిగింది. అంత చిక్కటి పదార్థం గుటకలు వేస్తున్నట్టు చప్పుడు చేస్తూ సంచిలోంచి రావడం చూసి మా అమ్మాయి చదువుతున్న పుస్తకం వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. అడుగున అంటుకున్నదాన్ని గోరువెచ్చని నీళ్ళతో తొలిచి పోసి, క్యాను నీళ్ళతో 3.8 లీటర్ల గీత దాకా నింపాం. కుళాయి నీళ్ళు వద్దనుకోవడానికి కారణం అందులోని క్లోరిన్, అది వైన్‌కు మందుల వాసన తెస్తుంది. హైడ్రోమీటర్ 1.090 దగ్గర తేలింది. నీటి కంటే పైన ఉన్న ఆ తేడా అంతా దాదాపు చక్కెరే. ఈస్టును 38 డిగ్రీల నీళ్ళలో పావుగంట నానబెట్టి, అది నురగ కట్టి రొట్టె వాసన వచ్చాక బకెట్టులో పోసి మూత నొక్కాను.

మర్నాడంతా ఏమీ జరగలేదు. ఆఫీసు నుంచి మూడుసార్లు ఇంటికి ఫోను చేసి బుడగ వచ్చిందా అని అడిగాను. రాత్రి 11 గంటలకు కూడా ఎయిర్‌లాక్‌లో నీళ్ళు కదలకపోవడంతో ఈస్టు చచ్చిపోయి ఉంటుందనుకొని, 38 డిగ్రీల నీళ్ళు ఒకవేళ 48 డిగ్రీలవేమో, థర్మామీటర్ తప్పు చూపించిందేమో అని ఆలోచిస్తూ పడుకున్నాను. డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా బకెట్టు ముందు గొంతుక్కూర్చొని చూస్తున్నాను. ఎయిర్‌లాక్‌లో నీళ్ళు సన్నగా వణికాయి. తర్వాత మూత కూడా అదిరింది. సంతోషం పట్టలేక మా ఆవిడను కేకేశాను. ఆమె అప్పటికే అమ్మ చెయ్యి పట్టుకొని గుమ్మం దాటుతోంది. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం మా ఇంటి దాకా పంపిన కదలిక అది. అపార్ట్‌మెంటువాళ్ళందరం కిందికి దిగి కాసేపు నిలబడి, టీవీలో వార్త చూసి, తిరిగి గదిలోకి వెళ్ళేసరికి నిజంగానే మొదటి బుడగ 'బుళుక్' మంటూ తేలింది. ఈస్టుకు కొన్నిసార్లు 36 గంటలు పట్టడం మామూలేనని తర్వాత తెలిసింది. అమ్మ మాత్రం ఆ బుడగను ఇప్పటికీ భూకంపం ఖాతాలోనే రాస్తుంది.

ఆ సాయంత్రం నుంచి అది ఆగలేదు. రెండు క్షణాలకొక బుడగ చొప్పున రాత్రంతా చప్పుడు చేస్తుంటే నేను హాయిగానూ, మా ఆవిడ హాల్లోనూ నిద్రపోయాం. కాగితంలో రాయని విషయం ఒకటి ఇక్కడ ఎదురైంది: గది 23 డిగ్రీలున్నా, ఈస్టు తన పని తాను చేస్తూ పుట్టించే వేడికి బకెట్టులో 26 ఉంది. వేడెక్కువైతే వైన్ ఘాటుగా, పదునుగా తయారవుతుందట. బకెట్టును వెడల్పాటి పళ్ళెంలో పెట్టి, నీళ్ళు పోసి, తడి తువ్వాలు చుట్టి, ఫ్యాను తిప్పి పెట్టాను. వేసవిలో మట్టికూజాకు తడిగుడ్డ చుట్టే పద్ధతే. మర్నాటికి 23కు దిగింది. వాసన మాత్రం రోజుకొక రకంగా మారింది. మొదట పండు వాసన, మూడో రోజుకు పులిసిన పిండి, అయిదో రోజుకు తలుపు తీస్తే మెట్ల మీదికి వచ్చే కల్లు వాసన. ఇడ్లీ పిండి మరీ పులిసిందా అని ఎదురింటావిడ అడిగితే మా ఆవిడ ఔనని చెప్పింది. ఆమె నా కోసం ఆడిన ఆ ఒక్క అబద్ధానికి నేను వారం రోజులు గిన్నెలు తోమాను.

డిసెంబరు 9న సాంద్రత 1.012కు పడింది. అడుగున పేరుకున్న మడ్డి కదలకుండా పైతేటను గాజుసీసాలోకి దించాలి. సర్జికల్ కొట్లో 150 పెట్టి కొన్న సిలికాన్ గొట్టాన్ని నీళ్ళతో నింపి, ఒక కొస బకెట్టులోనూ ఒక కొస సీసాలోనూ పెడితే చాలు, నోటితో పీల్చే పని లేదు. పది నిమిషాల్లో అయిపోయింది. అయితే మడ్డి పోగా మిగిలింది 3.6 లీటర్లు, సీసా నాలుగున్నర లీటర్లది. పైన అంత గాలి ఉంటే వైన్ చెడిపోతుంది. నీళ్ళు పోసి నింపితే పలచబడుతుంది. మేనల్లుణ్ణి అడిగితే గాజు గోళీలు వేయమన్నాడు. మామూలు గోళీలు వేస్తే నాలుగువందల పైనే కావాలని మా అమ్మాయి కాగితం మీద లెక్కగట్టి చూపించింది. మళ్ళీ బేగం బజారు వెళ్ళి, పెద్ద గోళీలు వంద, ఒక్కొక్కటి 3 రూపాయల చొప్పున తెచ్చి, కడిగి, ఉడకబెట్టి, చల్లార్చి, సీసాను ఒరగబెట్టి ఒక్కొక్కటిగా గోడ వెంబడి జార్చాం. నిలువునా వదిలితే సీసా అడుగు పగిలేది. వంద గోళీలు దిగేసరికి ద్రవం మెడ దాకా వచ్చింది. బల్బు వెలుగులో ఆ లేత పసుపు ద్రవం అడుగున రంగురంగుల గోళీలు మెరుస్తుంటే, ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన దృశ్యం అదే.

డిసెంబరు 16న బుడగలు దాదాపు ఆగాయి. హైడ్రోమీటర్ వేస్తే గీతలన్నీ మునిగి కాడ చివర మాత్రమే పైకి కనిపించింది. ఆల్కహాలు నీటికంటే తేలిక కాబట్టి, చక్కెర అయిపోయాక సాంద్రత 1.000 కిందికి దిగుతుంది. ప్రయోగశాలల కోసం అమ్మేవాటిలో 0.900 నుంచి 1.000 వరకు కొలవడానికి వేరే హైడ్రోమీటర్ ఉంటుంది. ఆ రెండో 280 రూపాయలు ఖర్చు పెట్టడానికి శనివారం 21 దాకా వీలు పడలేదు. ఆ రోజు 0.994 చూపించింది, ఆదివారం కూడా అంతే. మొదటి కొలతలోంచి చివరిది తీసేసి 131.25తో హెచ్చిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది. నాది 12.6. కొలతకు తీసిన రసంలో చెంచాడు నాలుక మీద వేసుకున్నాను. పచ్చి మామిడి పిందెలా పుల్లగా, వగరుగా, వెనక చిన్న మంటతో ఉంది. బాగుందని అనలేను, కానీ అది కచ్చితంగా వైనే. సోమవారం మెటాబైసల్ఫైట్, సార్బేట్ పొట్లాలు కలిపి, నెలాఖరుకు సీసాల్లో పోయాలని అనుకున్నాను. ఆ వారం ఆలస్యమే నా అయిదు నెలల కష్టాన్ని మోరీలో పోకుండా కాపాడింది.

ఎందుకంటే ఆ ఆదివారం, డిసెంబరు 22న, అక్కా బావగారూ భోజనానికి వచ్చారు. బావగారు న్యాయవాది. ఆయన కొడుకు పెట్టె తెచ్చిన సంగతి ఆయనకు తెలియదు. మేనల్లుడు నాకు మాత్రమే చెప్పాడు, నేనూ ఎవరికీ చెప్పలేదు. భోజనాలయ్యాక నేనే గర్వంగా గదిలోకి తీసుకెళ్ళి సీసా చూపించాను. ఎంతకు అమ్ముతావని నవ్వుతూ అడిగారు. అమ్మడం ఎక్కడిది, ఇంట్లోకేనని అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది.

"అమ్మకం మాట తరవాత. తయారుచేయడానికి లైసెన్సు ఉందా నీకు?"

లేదన్నాను. ఉమ్మడి రాష్ట్రంలో 1968లో చేసిన ఆబ్కారీ చట్టమే ఇప్పుడు తెలంగాణలోనూ అమల్లో ఉందనీ, లైసెన్సు లేకుండా మత్తు పానీయం అమ్మడమే కాదు తయారుచేయడం కూడా దాని కింద నేరమేననీ ఆయన కుర్చీలో కూర్చోకుండానే చెప్పారు. గుడుంబా బట్టీల మీద దాడుల వార్తలు పేపర్లో చదివినప్పుడల్లా అది ఎవరికో సంబంధించిన విషయమని పేజీ తిప్పేసేవాణ్ణి. పెట్టెలోని కాగితంలో చట్టం మాట ఒక్కటీ లేదు కదా అన్నాను. అమెరికాలో వయసొచ్చిన మనిషి ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరున్న ఇంట్లో 200 గ్యాలన్ల వరకు సొంతానికి వైన్ చేసుకోవచ్చు, ఫెడరల్ పన్ను కూడా లేదు. ఆ ఇళ్ళ కోసం రాసిన కాగితంలో ఆ మాట ఎందుకుంటుంది?

"అసలు ఈ బుద్ధి నీకెవరు పుట్టించారయ్యా?"

"మీవాడే తెచ్చాడు బావగారూ."

వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న అక్క అక్కడే ఆగిపోయింది. బావగారు ఇంకేమీ అనలేదు. వెళ్ళబోతూ, దీన్ని ఇలాగే ఉంచవద్దని మాత్రం మెల్లగా చెప్పారు.

ఆ రాత్రీ మర్నాటి రాత్రీ నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఇన్నాళ్ళూ జోలపాటలా వినిపించిన బుడగ చప్పుడు అప్పుడప్పుడు వచ్చినా ఉలిక్కిపడి లేచేవాణ్ణి. గ్యాసు సిలిండరు కుర్రవాడు బెల్లు కొడితే గది తలుపు వేసి వెళ్ళి తీశాను. మూడున్నర లీటర్ల కోసం ఎవరూ మా ఇంటి మీద పడరని నాకూ తెలుసు. భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉండింది. రెండు నెలలపాటు ఈస్టు గురించి, గోళీల గురించి, క్లోరిన్ గురించి వెతికి వెతికి చదివినవాణ్ణి, ఇంట్లోనే ఉన్న వకీలును ఒక్క మాట అడగలేదు. పారబోద్దామని సీసా ఎత్తి స్నానాలగది దాకా తీసుకెళ్ళి, మళ్ళీ తెచ్చి పెట్టాను. అప్పుడు మా అమ్మాయి, ఇంటర్ రెండో సంవత్సరం, తన రసాయనశాస్త్రం పుస్తకంలోంచి తల ఎత్తకుండానే, ఇథనాల్‌ను ఆక్సీకరిస్తే ఎసిటిక్ ఆమ్లం వస్తుంది కదా, పుల్లబెట్టేయండి నాన్నా అంది. బావగారికి ఫోను చేసి అడిగితే, అది మద్యం కాకుండా పోయేదైతే ఈ రోజే మొదలుపెట్టమన్నారు.

వెనిగర్‌కు వైన్‌కు పడని ప్రతిదీ కావాలి. వైన్‌కు గాలి తగలకూడదు, దీనికి గాలే ప్రాణం. దానికి చల్లదనం, దీనికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం. నేను తడి తువ్వాళ్ళతో పోరాడిన మన ఊరి వేడి ఇక నుంచి నా వైపు పనిచేస్తుంది. మెటాబైసల్ఫైట్ కలపకపోవడం కలిసొచ్చింది, అది ఉంటే వెనిగర్ బాక్టీరియా అంత సులువుగా బతకదు. వెడల్పు మూతి పాత్ర కావలసి అమ్మ దగ్గర ఖాళీగా ఉన్న పెద్ద ఆవకాయ జాడీ అడిగాను. "కల్లు పోసిన జాడీలో నేను ఆవకాయ కలపాలా?" అంది. ఆ మాటతో అదృష్టవశాత్తు ఇంకో ప్రమాదం కూడా తప్పింది. పాత జాడీల మెరుగుపూతలో సీసం ఉండే అవకాశం ఉంటుందనీ, ఆమ్లం దాన్ని లాగుతుందనీ తర్వాత చదివాను. 10 లీటర్ల గాజు జారు 650 పెట్టి కొన్నాను.

డిసెంబరు 25 సెలవు రోజున, కింది వాటావాళ్ళు పంపిన ప్లమ్ కేకు తింటూ, సీసాలోని వైన్‌ను జారులోకి వంచాం. 12 శాతం ఆల్కహాలులో ఆ బాక్టీరియా నీరసిస్తుంది కాబట్టి 3.4 లీటర్ల క్యాను నీళ్ళు కలిపి సగానికి తగ్గించి, పాశ్చరైజు చేయని ఆపిల్ సైడర్ వెనిగర్ అరలీటరు సీసా, 340 రూపాయలది, అడుగున తేలే తెరలతో సహా తోడు వేశాను. నిజంగా పెరుగుకు తోడు వేయడం లాంటిదే, కాకపోతే పెరుగు రాత్రికి రాత్రి తోడుకుంటుంది. ఇది 95 రోజులు తీసుకుంది. జారు మూతికి పాత పంచె ముక్క రెండు మడతలు వేసి దారంతో కట్టి, వంటింటి అటక మీద చీకట్లో పెట్టాను.

జనవరి మొదటి వారం ఒక్కసారిగా నిరాశ పడ్డాను. గుడ్డ దగ్గర ముక్కు పెడితే వెనిగర్ వాసన కాదు, గోళ్ళరంగు తుడిచే మందు వాసన వచ్చింది. పుల్లబడే దశలో ఇథైల్ ఎసిటేట్ పుట్టడం వల్ల అలా వస్తుందనీ, చాలాసార్లు దానంతట అదే తగ్గుతుందనీ చదివి ఊరుకున్నాను. జనవరి 8న టార్చి వేసి చూస్తే పైన పాల మీగడలా నున్నటి పలచని పొర కట్టి ఉంది. ముడతలు పడి తెల్లగా, పొడిపొడిగా ఉంటే అది వేరే ఈస్టు, రోమాల్లా లేస్తే బూజు. మనకు కావలసింది నున్నగా, తడిగా మెరిసేది. దాన్ని కదిలిస్తే మునిగిపోయి మళ్ళీ కొత్తది కట్టాలి. ఈ సంగతి తెలియక జారును రెండుసార్లు దించి బంధువులకు చూపించి, రెండుసార్లు ముంచాను. సంక్రాంతికి అరిసెల పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు అరటిపండ్ల మీద ముసిరే సన్న ఈగలు ఆ గుడ్డ చుట్టూ మూగాయి. లోపలికి ఒక్కటీ పోలేదు, కానీ అటక ఖాళీ చేయమని మా ఆవిడ నోటీసిచ్చింది. జారు బాల్కనీలో పాత బీరువాలోకి మారింది. ఆ వెచ్చదనం దానికి ఇంకా నచ్చింది. గోళ్ళమందు వాసన ఫిబ్రవరి మొదటికి పోయింది.

పులుపు ఎంతుందో నాలుకతో తేల్చలేం. మన దేశంలో పులియబెట్టిన వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం కనీసం 3.75 శాతం ఉండాలని నిబంధన. అంతకన్నా తక్కువైతే అది నిలవ ఉండదు. ఆ కోఠీ కొట్లోనే పులుపును విరిచే 0.1 నార్మల్ గాఢత సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం, పులుపు పూర్తిగా విరగగానే గులాబీ రంగు చూపే ఫినాఫ్తలీన్ చుక్కల సీసా కలిపి 420 అయ్యాయి. బ్యూరెట్టు కొనలేదు, 10 మిల్లీలీటర్ల ఇంజక్షన్ సిరంజి సరిపోయింది. ఫిబ్రవరి 23న, కాలేజీ ప్రాక్టికల్స్ అయిపోయిన ఉత్సాహంలో మా అమ్మాయి ఒక మిల్లీలీటరు వెనిగర్‌కు నీళ్ళు చేర్చి, సిరంజితో చుక్కలు వదులుతూ గ్లాసు తిప్పింది. ఎర్ర వైన్‌తో చేసి ఉంటే ఆ రంగు మార్పు కనిపించేది కాదు. 6 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది. మిల్లీలీటర్లను 0.6తో హెచ్చిస్తే శాతం. 3.6. ఇంకో నెల.

మార్చిలో ఎండ ముదిరింది. మా అమ్మాయికి పరీక్షలు కావడంతో రెండో కొలత మార్చి 30న, ఉగాది నాడు చేశాం. సిరంజిలో 8.5 దాకా పోయింది. 5.1 శాతం. పొరను ఎత్తి కొంచెం వెనిగర్‌తో వేరే సీసాలో పెట్టి, మిగతాదాన్ని గుడ్డలో వడకట్టి, స్టీలు గిన్నెలో కాకుండా గాజు పాత్రను వేడినీళ్ళలో దింపి 65 డిగ్రీల దాకా కాచి, చల్లారాక అరలీటరు సీసాలు 13 అంచు దాకా నింపి మూశాను. పైన గాలి ఉంచితే బాక్టీరియా ఆల్కహాలు అయిపోయాక తాను చేసిన పులుపునే తినడం మొదలుపెడుతుంది. సీసాలు ఒక్కొక్కటి 25 రూపాయలు. కొలగొట్టాలు, నీళ్ళ క్యాన్లు కూడా కలుపుకొని నా ఖర్చు 3,535 రూపాయలు తేలింది. మామూలు వెనిగర్ కొనుక్కుంటే ఆ డబ్బుతో మా వీధి మొత్తానికి సరిపోయేది.

వాడని పొట్లాలు బీరువా మీద ఇంకా ఉన్నాయి. గోళీలు కింది వాటా పిల్లలు పట్టుకుపోయారు. ఒక సీసా బావగారికి ఇస్తే మూత తీసి వాసన చూసి, ఇది కోర్టులో కూడా వెనిగరే అన్నారు. తీసి పెట్టిన తోడుతో మళ్ళీ మొదలుపెడదామా అని అడగబోయి, మధ్యలో మళ్ళీ అదే మద్యం దశ ఉంటుందని గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఆ ఉగాది ఉదయం అమ్మ పచ్చడికి కొత్త చింతపండు నానబెడుతుంటే, పులుపుకు నాన్న వెనిగర్ వేద్దామా నానమ్మా అని మా అమ్మాయి అడిగింది. అమ్మ మాట్లాడలేదు. అందరం హాల్లోకి వెళ్ళాక సీసా మూత తీసి, చిటికెన వేలు ముంచి నాలుకకు రాసుకోవడం నేను తలుపు సందులోంచి చూశాను. మధ్యాహ్నం భోజనాల్లో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి ఒక చిన్న గిన్నెలో పుల్లగా నాని ఉన్నాయి. ఎవరు వేశారని అడిగితే, "అన్నం తినరా, చల్లారిపోతోంది" అంది.